కంప్యూటర్లో లేని నీళ్ళు

ఐచిన్ కంప్యూటర్ ముందు కూర్చున్న మూడో రోజున గోడమీదుగా నన్ను కేకేసి, ఇందులో నీళ్ళు లేవు, అమ్మినవాడు మనల్ని ముంచాడు అంది. ఆమె నాకు తోడికోడలు. అన్నదమ్ములిద్దరికీ మమ్మల్నిచ్చి చేశారు. వాకిళ్ళు రెండు, మధ్యలో గోడ ఒకటి. పిండి పిసుకుతున్నదాన్ని ఆ చేతులతోనే వెళ్ళాను.

అది పట్నంలో ఎవరో వాడి పారేసిన కంప్యూటర్, వెనక పెద్ద బుర్ర ఉన్న రకం. తలుపుకు తగిలించి ఫోటో తీసిన కప్ప డ్రెస్సు తెరమీద కనబడుతోంది. దాని కింద 'చన్నీళ్ళలో ఉతకండి' అని రాయడానికి ఆమె పొద్దున్నుంచీ కుస్తీ పడుతోంది. మాటను ఎలా పలుకుతామో అలా ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, ఆ పలుకు ఉన్న మా అక్షరాలన్నీ, మాటకొకటి చొప్పున, వరసగా వచ్చి నిలబడతాయి. వాటిలోంచి కావలసింది ఏరుకోవాలి. దేశమంతా నీళ్ళను 'ష్వేయ్' అంటుంది. షాన్‌డాంగ్‌లో మా నైరుతి మూల మాత్రం 'ఫేయ్' అంటాం. ఐచిన్ నోటికి వచ్చినట్టే ఫేయ్ అని కొట్టింది.

"ఎగరడం వచ్చింది, కొవ్వు వచ్చింది, ఊపిరితిత్తులు కూడా వచ్చాయి. నీళ్ళు రాలేదే రుయ్‌పింగ్," అంది తెరమీద వేలు పెట్టి. "ఊపిరితిత్తులు ఎవడికి కావాలి, నాకు నీళ్ళు కావాలి గానీ."

ఆమె నాలుగో తరగతితో ఆపేసింది. నేను తొమ్మిది దాకా చదివాను కాబట్టి ఆ రోజు నాకు పెద్ద గొప్ప. నవ్వు ఆపుకుంటూ ష్వేయ్ అని కొట్టి చూపించాను. నీళ్ళు వచ్చాయి. ఆమె కాసేపు చూసి, అయితే తప్పు పెట్టెది కాదు, మన నోటిదన్నమాట అంది. సాయంత్రానికల్లా ఒక అట్టముక్క మీద నీళ్ళు, చెట్టు, పుస్తకం, జత అని రాసి, పక్కన పట్నంవాళ్ళ పలుకు రాసి, తెర నెత్తిమీద అంటించింది. ఆ అట్టముక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

ఇది రెండు వేల పదో సంవత్సరం, మా కొత్త సంవత్సరపు వసంత పండగ వెళ్ళిన కొత్తల్లో. మా ఊరు హూజువాంగ్‌లో చిన్నపిల్లల ఆటపాటల డ్రెస్సులు కుట్టడం నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. కప్పలు, కుందేళ్ళు, కోడిపిల్లలు, పొద్దుతిరుగుడు పువ్వులు. జూన్ ఒకటి పిల్లల పండగ కదా, దేశంలో ప్రతి బడిలోనూ ఆ రోజు పిల్లలు గెంతుతారు. గెంతడానికి తోక కావాలి. ఆ తోకల మీద మేం బతికేవాళ్ళం. గోతాంలో డ్రెస్సులు కుక్కుకుని, సైకిలు కట్టుకుని, బడిబడికీ తిరిగి హెడ్మాస్టర్లను బతిమాలేవాళ్ళం. ఒకసారి ఒకాయన నన్ను ముష్టిదాన్ననుకుని మంతౌ రొట్టె ఇచ్చి పంపాడు. ఆకలిగానే ఉంది, తిన్నాను.

అలాంటి రోజుల్లో మా వీధి చివరి హూ బావోలిన్ కంప్యూటర్‌లో అంగడి పెట్టి, ఇంట్లో కూర్చుని మంచూరియా దాకా కుందేళ్ళు అమ్ముతున్నాడని తెలిసింది. మొదటి వారం ఊరు నవ్వింది. రెండో వారం అతని ఇంటి కిటికీలోంచి తొంగి చూసింది. నెల తిరిగేసరికి వీధిలో పదకొండు కంప్యూటర్లు దిగాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? అతను కుందేలు పెడితే మేమూ కుందేలే పెట్టాం, అతను ఏ ఫోటో పెడితే ఆ ఫోటోనే పెట్టాం. సిగ్గా, ఎగ్గా? అప్పుడు మాకు అది దొంగతనం అనిపించలేదు. ఇప్పుడు కూడా సగమే అనిపిస్తుంది.

అందరిలోనూ ఐచిన్ డ్రెస్సు వేరేగా ఉండేది. ఆమె మా తాలూకా బట్టల మిల్లులో తొమ్మిదేళ్ళు గుడ్డ కోసిన మనిషి, మిల్లు మూతపడేదాకా. కత్తెర పడితే చెయ్యి వణకదు. ఒక చాదస్తం మాత్రం ఉండేది. మేమంతా సుద్దతో గీతలు గీసుకుంటే ఆమె ఒంటికి రుద్దగా అరిగిపోయిన సబ్బుముక్కలు దాచి, ఎండబెట్టి, వాటితో గీసేది. సుద్ద డబ్బా నేను కొనిపెట్టినా ముట్టలేదు. ఎందుకక్కా అంటే, సబ్బయితే ఉతికితే పోతుందిలే అనేది. సుద్ద కూడా పోతుంది కదా అని నేను వాదించలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ప్రతి వసంత పండక్కీ ఈశాన్యాన హెయ్‌లుంగ్‌జ్యాంగ్ వైపు కూలికి వెళ్ళినవాళ్ళు ఊళ్ళకు తిరిగొస్తారు. ఐచిన్ బస్సు దిగినవాళ్ళ దగ్గరకు వెళ్ళి, రెన్ సూఫెన్ అనే మనిషి తెలుసా, మిల్లులో పనిచేసేది, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుంది అని అడిగేది. ఎవరికీ తెలిసేది కాదు. ఎవరామె అంటే మిల్లులో నా పక్క బల్ల అని చెప్పేది. ఎందుకు అంటే, ఒక మాట చెప్పాలి అనేది. ఆ ఒక్క మాట కోసం ఇరవై ఏళ్ళకు పైగా అడుగుతూనే ఉంది. నేను దాన్ని కూడా సబ్బుముక్కల పక్కనే పెట్టి, చాదస్తాల లెక్కలో వేసుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఐచిన్ అంగడికి మొదటి పలకరింపు వచ్చింది. కంప్యూటర్ టింగుమంది. తెరమీద ఒక్క ముక్క: "చిన్, ఉన్నావా?"

నేను అక్కడే ఉన్నాను, కుందేలు చెవుల్లో దూది కూరుతూ. ఐచిన్ మొహంలో నెత్తురు లేదు. ఇంట్లో ఆమెను పెద్దకోడలనో, వదిన అనో అంటాం. ఊళ్ళో ఐచిన్ అంటారు. ఉత్త 'చిన్' అని ఎవరూ అనరు. ఆమె మెల్లిగా, నన్నలా పిలిచేది సూఫెన్ ఒక్కతే అంది.

నేను లేచి చూశాను. అక్కా, ఇది నీ పేరులోని అక్షరం కాదు అన్నాను. ఆమె పేరులోని చిన్ అంటే తంతివాద్యం. తెరమీద ఉన్న చిన్ అంటే అయినవాళ్ళు, మన మనిషి. పలుకు దాదాపు ఒకటే, రాత వేరు.

"దానికీ దొరికుండదే," అంది ఐచిన్. "నాకు నీళ్ళు దొరకనట్టు."

 ఇద్దరం ఆ యంత్రానికి కొత్తవాళ్ళమే. నాకూ నిజమే అనిపించింది. ఆమె నన్ను ఇంటికి పొమ్మంది. గోడ ఇవతల నుంచి విన్నాను. టక్, చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ టక్. నేను రొట్టెలు ఆవిరికి పెట్టి, దించి, పందికి కుడితి పోసి వచ్చినా ఆ టక్ టక్ ఆగలేదు. సాయంత్రమవుతుండగా నన్ను పిలిచి, జవాబు వచ్చింది, నా కళ్ళు ఆడటం లేదు, నువ్వు చదువు అంది.

జవాబు చదవడానికి ముందు, పైన ఆమె రాసింది చదివాను. చదవకుండా ఉండాల్సింది, ఉండలేకపోయాను. అందులో ఉన్నదిది. ఎనభై ఏడులో మిల్లుకు ఒక బడి నుంచి కోట్లు కుట్టే పని వచ్చింది, నూట ఇరవై కోట్లు. గుడ్డ పొరలను ఒకదాని మొహం ఒకటి చూసేట్టు పరిచి కోస్తే కోటుకు ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ జతగా వస్తాయి. అన్ని పొరలూ ఒకే వైపుకు పరిస్తే అన్నీ ఒకే చేతులు వస్తాయి. ఆ రోజు ఆ కోట్లు కోసే బల్ల సూఫెన్‌ది. వాళ్ళమ్మకు జ్వరమని పూట సెలవు పెట్టి వెళితే, సాయం చేద్దామని ఐచిన్ ఆ గుడ్డ పరిచి కోసింది. ఎక్కడ ఆలోచిస్తూ కోసిందో గానీ మొత్తం ఎడమ చేతులే వచ్చాయి. మేనేజరు బల్ల నంబరు చూసి సూఫెన్‌ను నిలబెట్టాడు. ఐచిన్ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నిలబడింది. సూఫెన్ ఆమె వైపు ఒకసారి చూసి, కత్తెర బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ శరదృతువులోనే మేనమామ వెంట హెయ్‌లుంగ్‌జ్యాంగ్ పోయింది.

ఐచిన్ రాత ఇలా సాగింది: "చేతులు కోసింది నేనే. అప్పుడు నేను చెప్పలేదు. నాకు పెళ్ళి కుదిరింది, మిల్లు ఉద్యోగం చూసే ఒప్పుకున్నారు. అది పోతే సంబంధం పోతుందని చెప్పలేదు. మీ అమ్మ గడపదాకా మూడుసార్లు వచ్చి చెప్పకుండానే వెనక్కి వెళ్ళాను." అయితే 'చెప్పడం' కూడా మా మూల ఫకారంతోనే పలుకుతాం, ఆ మాట అట్టముక్క మీద లేదు. మా పలుకులో 'ఫో' అని కొడితే బుద్ధుడు వస్తాడు. చెప్పలేదు అన్న ప్రతిచోటా బుద్ధుడు వచ్చి కూర్చున్నాడు. నేను బుద్ధుడు లేదు, మీ గడపదాకా వచ్చి బుద్ధుడు కాకుండానే వెళ్ళాను. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని, కింద ఉన్న జవాబు పైకి చదివాను.

"చిన్, మీరు నన్ను ఇంకెవరో అనుకున్నట్టున్నారు. నేను గ్వేజౌలో చిన్నపిల్లల బడి టీచర్ని. కప్ప డ్రెస్సులు ముప్ఫై కావాలి. చిన్, మీ దగ్గర చేతులు సరిగ్గానే ఉంటాయి కదా?"

 నేను బావోలిన్ ఇంటికి పరిగెత్తి అడిగి వచ్చాను. అతను విరగబడి నవ్వాడు. కంప్యూటర్ అంగళ్ళలో అందరూ అందర్నీ చిన్ అనే అంటారట. అమ్మేవాడు కొనేవాణ్ణి, కొనేవాడు అమ్మేవాణ్ణి, మొహం చూడనివాళ్ళు మొహం చూడనివాళ్ళను, అయినవాళ్ళే అయినవాళ్ళే అని పిలుచుకుంటారట. ఆ సంగతి చెబితే ఐచిన్ తలాడించి, ముప్ఫై కప్పలకు ఆకుపచ్చ గుడ్డ చాలదు, రేపు తేవాలి అంది.

నేను సిగ్గుపడాల్సింది ఆ తర్వాత చేసినదానికి. నా నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు పిండిమర దగ్గర ఒకామెకు చెప్పాను, నవ్వుకోవడానికే. బుద్ధుడితో సహా చెప్పాను. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. మిల్లు సంగతి గుర్తున్న ముసలివాళ్ళకు అది నవ్వుగా లేదు, అయితే తప్పు ఆ రెన్ పిల్లది కాదన్నమాట పాపం అని వాళ్ళు బజార్లోనే అన్నారు. మిగతావాళ్ళకు పండగ. వదినా, నా చొక్కాకి రెండూ ఎడమ చేతులేమో చూడు అని దారినపోయే ప్రతివాడూ అడిగాడు. ఐచిన్ మూడు రోజులు గడప దాటలేదు. మా బావగారు మటన్ సూపులో రొట్టె ముంచుకుంటూ, ఉద్యోగం లేకపోయినా నేను చేసుకునేవాణ్ణి, మా అమ్మే ఒప్పుకునేది కాదు అన్నారు. ఆయన అబద్ధం ఆడరు. అది ఊరడింపో గోరుచుట్టు మీద రోకటిపోటో నాకు అర్థం కాలేదు.

నాలుగో రోజు ఐచిన్ మిషను తొక్కుతున్న చప్పుడు వినిపించింది. ముప్ఫై కప్పలూ కుట్టింది. కట్టే ముందు ఒక్కొక్కదాన్నీ బల్లమీద పరిచి, రెండు చేతులూ చాచి పెట్టి, ఇది ఎడమ, ఇది కుడి అని పైకి అనుకుంటూ ఫోటో తీసింది. ముప్ఫై ఫోటోలూ గ్వేజౌ టీచరుకు పంపింది. పార్సిల్ తీసుకునేవాడు అప్పట్లో ఊళ్ళోకి వచ్చేవాడు కాదు. తొమ్మిది కిలోమీటర్లు మూడు చక్రాల బండిమీద తనే తీసుకెళ్ళి అప్పజెప్పింది. పదిహేను రోజులకు ఆ టీచరు అంగడి కింద అందరికీ కనబడేట్టు రాసింది: రెండు చేతులూ సరిగ్గా ఉన్నాయి. ఊళ్ళో మరో నాలుగు రోజులు నవ్వుకున్నారు. కానీ దేశంలో మిగతావాళ్ళకు మా ఊరి నవ్వు తెలియదు కదా. వాళ్ళకు అది మంచిమాటగానే కనిపించింది. కప్పలకు ఆర్డర్లు వచ్చాయి.

అప్పటి నుంచి ఆమె రెండు నియమాలు పెట్టుకుంది. చేతులు చూపించకుండా ఏదీ కట్టదు. ఎవర్నీ చిన్ అని పిలవదు. టీచరమ్మా అనేది, చెల్లీ అనేది, పేరు అడిగి పేరుతో రాసేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ మాట లేకపోతే కొనేవాళ్ళు పొగరనుకుంటారు, వదినా అని బావోలిన్ ఇంటికొచ్చి మరీ నచ్చజెప్పాడు.

"నన్ను ఆ పేరుతో పిలిచింది ఒక్కతేరా," అంది. "దాన్ని ఊరందరికీ పంచేస్తే ఆమెకేం మిగులుతుంది?"

అతను వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. క్షమించమని అడుగుదామనుకుని, జిప్పులు ఎన్ని మిగిలాయి అని అడిగి వచ్చేశాను.

ఆ తర్వాతి ఏళ్ళు ఎలా గడిచాయో ఊరి వీధిని చూస్తే చాలు. మట్టిరోడ్డు సిమెంటు అయింది. పార్సిల్ బళ్ళు ఊళ్ళోకి రావడమే కాదు, నాలుగు కంపెనీలవాళ్ళు మా గోడల మీదే బోర్డులు పెట్టుకున్నారు. మేలోకి వచ్చేసరికి వీధిలో నడవడానికి చోటుండదు, అంతా మూటలే. నవంబరు పదకొండున దేశమంతా కొనుగోళ్ళ పిచ్చిలో మునుగుతుంది, ఆ రోజు కుక్కకు కూడా అన్నం పెట్టేవాళ్ళుండరు. కొనేవాళ్ళూ మారారు. మొదట్లో భయంభయంగా అడిగి కొనేవాళ్ళు, తర్వాత అడగకుండా కొని, నచ్చకపోతే వారంలోగా వెనక్కి పంపడం నేర్చుకున్నారు. కొందరు జూన్ ఒకటిన పిల్లకు తొడిగి, గెంతించి, రెండో తేదీన చెమట వాసనతో వెనక్కి పంపేవాళ్ళు. అది పొద్దుతిరుగుడు పువ్వో, చెప్పులు పెట్టుకునే సంచో తెలిసేది కాదు. నేను తిట్టుకుంటూ ఉతికేదాన్ని. కంప్యూటర్లు పోయి అంతా ఫోనులోకి వచ్చింది. ఐచిన్ కప్పను నేను కాపీ కొట్టాను, నా దగ్గర నుంచి వీధి మొత్తం కొట్టింది. ఆమె దెబ్బలాడలేదు. నువ్వు కోసినదానికి నడుం దగ్గర బిగువు ఎక్కువ, పిల్లలు కూర్చోలేరు అని మాత్రం చెప్పింది. సరిచేసుకున్నాను. సరిచేసుకోమన్నందుకు కోపం కూడా వచ్చింది.

ఆమె అంగడి పెద్దది కాలేదు. కానీ ఒకసారి కొన్న బడి మళ్ళీ ఆమె దగ్గరకే వచ్చేది. ప్రతి వసంత పండక్కీ బస్సు దగ్గర అడగడం మాత్రం మానలేదు. ఊళ్ళోవాళ్ళు ఆమెను చూసి గుసగుసలాడేవాళ్ళు, ఆమెకు వినబడుతుందని తెలిసే.

రెండు వేల పందొమ్మిదిలో అందరూ ఫోను ముందు నిలబడి నేరుగా మాట్లాడుతూ అమ్మడం మొదలుపెట్టారు. అటువైపు చూసేవాళ్ళు కింద ఏదో రాస్తుంటారు, చదివి జవాబివ్వాలి. గుండ్రటి దీపం ఒకటి కొనుక్కుంటే ముసలి మొహాలు కూడా పాలల్లో కడిగినట్టు కనిపిస్తాయి. నేను పెట్టాను, నాకు ముప్ఫై మంది చూసేవాళ్ళు దొరికారు. వాళ్ళలో ఇరవై మంది చుట్టాలే. ఐచిన్‌కు అప్పటికి యాభై అయిదు దాటాయి, నాకు పట్నం భాష రాదు అంది. రాకపోతే మన భాషే మాట్లాడు అని ఆమె కూతురు ఫోను పెట్టి వెళ్ళింది. ఐచిన్ నీళ్ళను ఫేయ్ అనే అంటూ మాట్లాడింది. రెండు వారాల్లో రెండొందల మంది చూడసాగారు. షాన్‌డాంగ్ నుంచి కరువుకు ఈశాన్యం పోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మా తాత ఇలాగే అనేవాడు, మా అమ్మ ఇలాగే తిట్టేది అని కింద రాసేవాళ్ళు. ఆమె ప్రతి డ్రెస్సునూ ఎత్తి పట్టుకుని, ఇది ఎడమ చెయ్యి, ఇది కుడి చెయ్యి, చూసుకోండి అనేది. దానికే కొందరు వచ్చేవాళ్ళు. చదవడం ఆమెకు ఆలస్యమవుతుందని పక్కన కూర్చుని వచ్చినవన్నీ నేను చదివి వినిపించేదాన్ని. ఏంటో, నా నోరు చివరికి ఆమెకు ఆ విధంగా పనికొచ్చింది.

ఏప్రిల్ నెల, భోజనాలయ్యాక. ఐచిన్ కప్ప డ్రెస్సు ఎత్తి పట్టుకుంది. నేను వరసగా చదువుతున్నాను. చిన్, నూట పది సైజు ఉందా? చిన్, తోక ఊడుతుందా? ఆమె తోక లాగి చూపించింది. ఆ తర్వాతదాన్ని కూడా అదే గొంతుతో చదివాను.

"చిన్, ఆ చేతుల మీద గీతలు నీలి సుద్దవి కదా."

నాకు అర్థం కాలేదు. ఏ చేతులు, ఏ గీతలు? ఆమె దగ్గర సుద్దే లేదు. రాసినవాళ్ళ పేరు 'మంచులో వంకాయ' అని ఉంది, అలాంటి దొంగపేర్లు ఎన్నో. ఊరి వెధవలెవరో పాత కథ తవ్వుతున్నారనుకుని, తీసెయ్యడానికి వేలు పెట్టబోయాను. ఐచిన్ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ చదవమంది. చదివాను. ఆమె ఎత్తిన కప్ప చేతులు గాల్లోనే ఉన్నాయి, మెల్లిగా కిందికి దించి ఒళ్ళో పెట్టుకుంది. రెండొందల మంది చూస్తున్నారు.

"అవును, నీలి సుద్దే," అంది ఫోను వైపు చూస్తూ. "మిల్లులో అది నా ఒక్కదాని దగ్గరే ఉండేది. సూఫెన్ సబ్బుముక్కతో గీసేది. ఆ గీతలు గీసిందీ నేనే, చేతులు కోసిందీ నేనే. ఆ రోజు మేనేజరు ముందు చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నా."

 ఎవరో నూట ఇరవై సైజు ఎంత అని అడిగారు. ఎవరో ఏడుస్తున్నావా అవ్వా అని అడిగారు. వంకాయ పేరు పక్కన, చూడటం ఆపేశారు అని వచ్చింది. ఐచిన్ నూట ఇరవై సైజు ధర చెప్పి, ఫోను ఆపించి, గుండ్రటి దీపం కూడా ఆర్పమంది.

కాసేపటికి, సుద్ద ఎవరిదో సబ్బు ఎవరిదో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు రుయ్‌పింగ్, నేను ఆ రోజు రాసినదాంట్లో కూడా లేదు, ఆ రాసింది సూఫెనే అంది. నూట ఇరవై కోట్ల మీదా నీలి గీతలు చూసి సూఫెన్‌కు అక్కడే అర్థమైంది. ఇదిగో గీత, నాది కాదు అని ఒక్క వేలు చూపిస్తే సరిపోయేది. ముప్ఫై రెండేళ్ళు ఐచిన్ తను చెప్పని మాటనే మోసింది. అటుపక్క కూడా చెప్పని మాట ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. చూసి, తెలిసి, నన్ను పట్టివ్వకుండా వదిలేసిందే అని రెండుసార్లు అంది. అంత ఏడుపు ఆమెలో నేను అంతకుముందు చూడలేదు. 

ఆ రోజు పిండిమర దగ్గర చెప్పింది నేనేనక్కా అన్నాను. తొమ్మిదేళ్ళకు నోరు పెగిలింది.

"తెలుసులేవే," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇంకెవరు చెబుతారు?"

మర్నాడు పొద్దున ఒక ఆర్డరు వచ్చింది. ఒకే ఒక్క కప్ప, నాలుగేళ్ళ పిల్ల సైజు. హెయ్‌లుంగ్‌జ్యాంగ్‌లో నేను పేరు వినని ఊరు. పేరు రెన్ సూఫెన్. కొనేవాళ్ళు ఏదైనా చెప్పదలిస్తే రాసే చోట ఇలా ఉంది: ఈసారి ఒకటి ఎడమది, ఒకటి కుడిది చూసి పంపు.

నేను పైకి చదివి వినిపించాను. ఐచిన్ నవ్వింది. సిద్ధంగా ఉన్నవి అరవై కప్పలున్నా వాటిని ముట్టలేదు. కొత్త గుడ్డ తీసి, ఇస్త్రీ చేసి, పొరలు ఎదురెదురుగా పరిచి, సబ్బుముక్కతో గీసి కోసింది. మధ్యాహ్నానికి కుట్టి, చేతులు చాచి చూసి మడిచింది. ఆ పూట నన్ను మడత కూడా పట్టుకోనివ్వలేదు. తర్వాత ఫోను తీసుకుని ఒక వేలితో కొట్టడం మొదలుపెట్టింది. నేను భుజం మీదుగా చూశాను. ఈ అలవాటు నాకు పోదు.

మొదటి మాట చిన్ అని కొట్టింది. తంతివాద్యం కాదు, అయినవాళ్ళ చిన్‌ను ఏరుకుంది. అంగడి పెట్టాక తొమ్మిదేళ్ళలో ఆమె ఆ మాట రాయడం అదే మొదలు. తర్వాత చల్లటి అని రాసింది. తర్వాత ఫేయ్ అని కొట్టింది. తెరమీద ఎగరడం, కొవ్వు, ఊపిరితిత్తులు వచ్చి నిలబడ్డాయి. ఆమెకు ఇప్పుడు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో నాకంటే బాగా తెలుసు. అయినా కొవ్వు మీద వేలు పెట్టి, ఉతుకు అని ముగించింది.

"అక్కా, తప్పు పడింది," అన్నాను. "చల్లటి కొవ్వులో ఉతుకు అని ఉంది. చెరుపు."

"ఉండనీ," అంది. "సూఫెన్ చదివేది మన నోటితోనే కదా."

అని పంపేసింది.